సీడెడ్ తీర్పు: ఆదోని, ఎమ్మిగనూరులలో సినిమా సమీక్ష

కొత్తగా విడుదలైన చిత్రం మంచిచెడ్డలను తూచి చెప్పడం సినిమా సమీక్ష. తెలుగులో ఇది రెండు దారుల్లో నడిచింది. ఒకటి పత్రికల్లో అచ్చయ్యే రాత. రెండోది మార్నింగ్ షో వదిలిన వేళ థియేటర్ గేటు దగ్గర పుట్టి, పొద్దుగూకేసరికి ఊరంతా పాకే మాట. ఆ మాటకు వాడుకలో పేరు 'టాక్'. కర్నూలు జిల్లా పడమటి పట్టణాలైన ఆదోని, ఎమ్మిగనూరులలో మొదటిదానికన్నా రెండోదానిదే పైచేయి. ఇక్కడి ప్రేక్షకుల తీర్పును సినిమా వ్యాపారం రూపాయి పైసలతో సహా లెక్కపెట్టింది. సమీక్షకులు మాత్రం దాన్ని 'మాస్' అనే ఒక్క మాటలో సర్దేశారు. ఆ మాట వెనక ఉన్న మనుషులను పక్కన పెట్టి తెలుగు సినిమా విమర్శ చరిత్ర చెప్పుకుంటే అది సగం చరిత్రే అవుతుంది.

పేరు, నేల

సినిమా పంపిణీదారులు తెలుగు నేలను నైజాం, సీడెడ్, ఆంధ్ర అని పంచుకున్నారు. రాయలసీమకు వారి లెక్కల్లో ఉన్న పేరు సీడెడ్. 1800లో హైదరాబాదు నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేసినప్పుడు పుట్టిన మాట అది. దత్త మండలాలు అని తెలుగులో అన్నారు. ఆ పేరులోని చిన్నతనం నచ్చక 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించారు. పాఠ్యపుస్తకాలు, ప్రభుత్వ కాగితాలు కొత్త పేరుకు మారిపోయాయి. సినిమా ప్రకటనలు మాత్రం పాతదాన్నే పట్టుకు వేలాడాయి. నేటికీ కొత్త సినిమా వస్తే 'సీడెడ్ షేర్ ఎంత?' అనే అడుగుతారు. ఆదోనికి ఈ పేరు అక్షరాలా వర్తిస్తుంది. కర్నూలు పట్టణం 1839 దాకా నవాబుల పాలనలోనే ఉండిపోయింది, ఆదోని 1800లోనే చేతులు మారింది.

ఆదోని, ఎమ్మిగనూరు రెండూ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉన్నాయి. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలుకు వచ్చాయి, బళ్ళారి అటు మైసూరు రాష్ట్రానికి పోయింది. గీత మారినా వీధి మారలేదు. ఆదోని బజారులో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఒకే ఇంట్లో అవ్వ కన్నడం మాట్లాడితే మనవడు తెలుగులో జవాబు చెప్పడం ఇక్కడ వింత కాదు. మద్రాసు, బొంబాయిల నడిమి రైలుమార్గం ఊరి మీదుగా పోతుంది. పత్తి వ్యాపారం వల్ల ఆదోనికి 'రెండో బొంబాయి' అన్న పేరు వచ్చింది. ఇక్కడి పత్తి మార్కెట్ యార్డు రాష్ట్రంలోని పెద్ద యార్డుల్లో ఒకటి. రాఘవేంద్రస్వామి క్షేత్రం మంత్రాలయం కూడా ఈ చుట్టుపక్కలదే. రాఘవేంద్రస్వామి మీద రాజ్‌కుమార్ కన్నడంలో 1966లో నటించిన 'మంత్రాలయ మహాత్మె', రజనీకాంత్ నూరో చిత్రంగా 1985లో తమిళంలో వచ్చిన 'శ్రీ రాఘవేంద్రర్' ఈ తుంగభద్ర ఒడ్డు కథను తెలుగుకు బయట చెప్పినవే.

ఎమ్మిగనూరుది నేత. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దేశమంతటా తెలిసేలా చేసింది. నేసినంతకే కూలి. మూడు గంటల సినిమాకు పోవడమంటే మూడు గంటల నేత వదులుకోవడం. 'సినిమా నిడివి ఎక్కువైంది' అని పట్టణపు సమీక్షకుడు రాస్తే అది శిల్పం గురించిన మాట. మగ్గం గుంటలోంచి లేచి వచ్చినవాడు 'శానా లాగినాడప్పా' అంటే అందులో తన కూలి లెక్క కూడా ఉంటుంది.

నాటకం అలవాటు చేసిన చూపు

ఈ ప్రాంతంలో నటనను తూచి మాట్లాడే అలవాటు సినిమా రాకముందే ఉంది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరస వినోదిని సభ పెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపారు. ఒకరు ఆంధ్ర నాటక పితామహుడిగా, మరొకరు చారిత్రక నాటకాలకు ఆద్యుడిగా పేరు పొందారు. ఇద్దరికీ పోటీ ఉండేది, ఇరువైపులా పక్షాలు ఉండేవి. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ వృత్తికి వకీలు, ప్రవృత్తికి నటుడు. పద్యాన్ని రాగం తీసి సాగదీయకుండా భావాన్ని పలికించాలని పట్టుబట్టిన మనిషి. ఆనాటి ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా గడపలోనే ఉంది గనుక ఆ వాదాల గాలి ఇటూ వీచింది.

1936లో ద్రౌపది కథ మీద తెలుగులో రెండు చిత్రాలు పోటాపోటీగా వచ్చాయి. 'ద్రౌపదీ మానసంరక్షణ'లో రాఘవ దుర్యోధనుడు. 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. రెండోది గెలిచింది, రాఘవ ఉన్నది ఓడింది. రంగస్థలం మీద ఆయనను మించినవాడు లేడనుకున్న సీమవాసులకు ఇది మింగుడుపడని సంగతి. రంగస్థలం వేరు, తెర వేరు అన్న చర్చ తెలుగులో గట్టిగా సాగడానికి ఇలాంటి సందర్భాలే కారణం. ఆ రోజుల్లో 'కృష్ణా పత్రిక'లో సినిమా సమీక్షలు రాస్తున్న కమలాకర కామేశ్వరరావు తరువాత తానే దర్శకుడై 'నర్తనశాల' (1963) తీశారు. పౌరాణికాన్ని తూచిన కలమే పౌరాణికాన్ని మలచింది.

పత్రికల సమీక్ష

తెలుగు సమీక్షకు ఈ లక్షణం మొదటినుంచీ ఉంది. రాసినవారు చాలామంది చివరికి పరిశ్రమలోకే వెళ్ళారు. ముళ్ళపూడి వెంకటరమణ 'ఆంధ్ర పత్రిక'లో రాసిన సమీక్షల్లోని చురుకు పాఠకులకు ఎంత నచ్చిందో నిర్మాతలకు అంత గుచ్చుకుంది. తరువాత వారే పిలిచి కథలు, మాటలు రాయించుకున్నారు. కొడవటిగంటి కుటుంబరావు 'కినిమా' పత్రికలో పనిచేశారు, సినిమాల మీద విడిగా వ్యాసాలు ఎన్నో రాశారు. సినిమాను కళగా మాత్రమే చూడక, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎవరి అభిరుచిని ఎవరు తయారుచేస్తున్నారు అన్న ప్రశ్నలు వేశారు. నేటి సమీక్షల్లో ఎక్కువగా కరువైనవి ఆ ప్రశ్నలే.

1966లో విజయా వారి 'విజయచిత్ర' వచ్చింది. దాని నిర్మాణానికి మూలమైన బి. నాగిరెడ్డిది కడప జిల్లా. ఆయన అన్న బి.ఎన్. రెడ్డి, 'మాయాబజార్' తీసిన తాడిపత్రి కె.వి. రెడ్డి కూడా సీమవారే. మద్రాసులో తెలుగు సినిమాకు నడక నేర్పినవారిలో ఇంతమంది సీమవారు ఉండి కూడా సీమ జీవితం తెరకెక్కడానికి చాలా కాలం పట్టింది. డెబ్భైలలో 'సితార', 'జ్యోతిచిత్ర' వారపత్రికలుగా వచ్చి బస్టాండు కొట్లలో వేలాడాయి. బొమ్మల కోసం కొన్నా, వెనక పేజీల్లోని సమీక్ష చదివిన తరం ఒకటుంది. గుడిపూడి శ్రీహరి 'ది హిందూ'లో దశాబ్దాల పాటు తెలుగు చిత్రాలను సమీక్షించారు, తెలుగులో హాస్య శీర్షికలూ నడిపారు. ఆయన 2022లో కన్నుమూశారు.

ఈ పత్రికలకు ఒక బంధనం ఉండేది. సినిమా ప్రకటనలే వాటి రాబడిలో పెద్ద భాగం. పక్క పేజీలో పూర్తి నిలువు ప్రకటన ఇచ్చిన చిత్రాన్ని ఈ పేజీలో తీసిపారేయడం తేలిక కాదు. అందుకే 'ఫొటోగ్రఫీ కనువిందుగా ఉంది, పాటలు వినసొంపుగా ఉన్నాయి, ద్వితీయార్ధంలో వేగం తగ్గింది' వంటి మెత్తని వాక్యాలు తయారయ్యాయి. చదివి చదివి పాఠకులు వాటి వెనక అర్థం పట్టడం నేర్చుకున్నారు.

టాక్

ఆదోని, ఎమ్మిగనూరులలో సినిమాకు 'బొమ్మ' అని పేరు. బొమ్మ పడింది అంటే ఆట మొదలైందని. బొమ్మ ఆడుతుంది అంటే నిలబడుతుందని. బొమ్మ ఎత్తేసినారు అంటే ఇక చెప్పడానికి ఏమీ లేదు. మార్నింగ్ షో నుంచి బయటికి వచ్చే మొదటి మనిషిని గేటు దగ్గర కాచుకున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: 'ఎట్లుండాదన్నా?' జవాబు చాలాసార్లు రెండు ముక్కలు. 'ఫస్టాఫ్ బాగుండాది, సెకండాఫ్ లాగినాడు.' ఇంటర్వెల్‌తో రెండుగా చీలిన భారతీయ సినిమాకు ఇంతకన్నా సరిపోయే విమర్శ పద్ధతి పండితులెవరూ కనిపెట్టలేదు. మొదటి సగం ఆశ పెట్టడానికి, రెండో సగం దాన్ని తీర్చడానికి. ఏ సగం తప్పిందో చెబితే కథ ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పినట్టే.

టాక్‌లో మెట్లున్నాయి. హిట్ టాక్, యావరేజ్, 'ఒకసారి చూడొచ్చు', 'పోతే పోయింది ఫైట్ల కోసం చూడు', ఆపైన ఫ్లాప్ టాక్. ఇవిగాక 'డివైడ్ టాక్' ఒకటి. అంటే అభిమానులు ఒకటి చెబుతున్నారు, మిగతావాళ్ళు మరొకటి చెబుతున్నారు. అనుభవమున్న థియేటర్ మేనేజరు మొదటి రోజు ఈలలను నమ్మడు. శుక్రవారం అభిమానులది, ఆదివారం సెలవుది, సోమవారం మ్యాట్నీ అసలు సినిమాది. సోమవారం బెంచీలు నిండితే బొమ్మ నిలబడినట్టు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఫస్ట్ షోకు రావడం మొదలైతే ఇక రెండో వారం ఖాయం.

ఫిల్మ్ ప్రింట్ల కాలంలో ఈ మాటకు ఇంకా బలముండేది. ప్రింట్లు కొన్నే ఉండేవి. పెద్ద ఊళ్ళలో విడుదలై, అక్కడ ఆడినన్నాళ్ళు ఆడి, తరువాత చిన్న ఊళ్ళకు దిగేవి. రీళ్ళ పెట్టె బస్సులోనో రైల్లోనో వచ్చేది. అభిమానులు పెట్టెకు పూలదండ వేసి ఊరేగించేవారు. పెట్టె కన్నా ముందే టాక్ వచ్చేది. కర్నూలుకు సరుకు కోసం పోయిన వ్యాపారి, బళ్ళారిలో చదివే పిల్లవాడు, గుంతకల్లు రైల్వే ఉద్యోగి మోసుకొచ్చేవారు. చిన్న ఊరి ప్రేక్షకుడు సినిమాను కొత్తగా చూసేవాడు కాదు, విన్న తీర్పుతో పోల్చి చూసేవాడు. 'కర్నూల్లో ఆడిందంట, ఈడ ఏముందిలే ఇందులో' అని కొట్టిపారేసిన సందర్భాలూ ఉండేవి. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక రాష్ట్రమంతా ఒకే రోజు విడుదల సాధ్యమైంది, పెట్టె ఊరేగింపు మాయమైంది.

ఈ నోటి సమీక్ష ఎక్కడా అచ్చు కాలేదని అనుకోవడం పొరపాటు. రోజువారీ వసూళ్ళ కాగితం, అంటే డీసీఆర్, దాని అచ్చు రూపం. పంపిణీదారు తరఫున ఊళ్ళో మకాం వేసిన రిప్రజెంటేటివ్ ప్రతి ఆటకూ తెగిన టికెట్లు లెక్కపెట్టి రాసి పంపేవాడు. బెంచీ ఎంత, కుర్చీ ఎంత, బాల్కనీ ఎంత అని విడివిడిగా. బెంచీ నిండి బాల్కనీ ఖాళీగా ఉంటే ఒక తీర్పు. బాల్కనీ నిండి బెంచీ ఖాళీగా ఉంటే మరో తీర్పు. తరువాతి సినిమాకు ఆ హీరోతో, ఆ దర్శకుడితో ఎంత హైరుకు, అంటే సినిమా అద్దెకు, ఒప్పుకోవాలో థియేటర్ యజమాని ఆ కాగితం చూసే తేల్చుకునేవాడు. పత్రిక సమీక్ష ఏ నిర్మాత చేయినీ ఇంత గట్టిగా పట్టి ఆపలేదు.

వసంతాలు దాటిన బొమ్మ

ఎమ్మిగనూరు పేరు తెలుగు సినిమా వార్తల్లో మారుమోగింది ఒక చిత్రం వల్ల. బోయపాటి శ్రీను దర్శకత్వంలో బాలకృష్ణ నటించిన 'లెజెండ్' 2014 మార్చి 28న విడుదలైంది. అది ఎమ్మిగనూరులో, కడప జిల్లా ప్రొద్దుటూరులో ఏడాది దాటి ఆడింది. మూడు నాలుగు వారాల్లో సినిమా బతుకు తేలిపోయే రోజుల్లో ఇది అసాధారణం. సమీక్షకులు ఆ చిత్రాన్ని మాస్ యాక్షన్ చిత్రంగా తూచి ముగించారు. ఊరు తూచిన త్రాసు వేరు.

ఇంత దీర్ఘంగా ఆడిన సినిమాను వసూళ్ళతో మాత్రమే వివరించలేం. అభిమానుల పట్టుదల అందులో ఉంది. ఈ పట్టుదలను వెర్రి అని తోసిపుచ్చేవారు ఒక సంగతి గమనించాలి. శతదినోత్సవ పోస్టరు మీద ఊళ్ళ పేర్లు వరసగా అచ్చేసే ఆచారం తెలుగు సినిమాలో చాలా పాతది. కరువు వార్తల్లో, వలస వార్తల్లో తప్ప రాజధాని పత్రికల్లో కనబడని ఊరి పేరు అక్కడ విజయవాడ, విశాఖపట్నాల పక్కన నిలబడేది. రోజులు లెక్కపెట్టి ఊరిని ఆ వరసలో నిలపడానికి అభిమాని పడిన ఆరాటం హీరో మీద ప్రేమే కాదు, ఊరి మీద ప్రేమ కూడా. నా దృష్టిలో ఆ ఆరాటం గౌరవించదగినది. అయితే అది సినిమా బాగోగుల మీద తీర్పు కాదన్నది కూడా అంతే నిజం. రెండింటినీ విడదీసి చెప్పగలిగినప్పుడే అది సమీక్ష.

'లెజెండ్' మరో చర్చకూ కేంద్రమైంది. 2014, 2015, 2016 సంవత్సరాల నంది పురస్కారాలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించింది. 2014 ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు ఈ చిత్రానికే దక్కాయి. ఎంపికల మీద పరిశ్రమలోంచి, బయటినుంచి బహిరంగంగా విమర్శలు వచ్చాయి. ప్రభుత్వం ఇచ్చే తీర్పును కూడా జనం సమీక్షిస్తారని అప్పుడు తేలింది.

ఫ్యాక్షన్ చిత్రాలు, సీమ ముఖం

ఈ ప్రాంతానికి సంబంధించి తెలుగు సమీక్ష చేయాల్సిన పెద్ద పని ఒకటి చాలాకాలం చేయకుండా వదిలేసింది. 1997లో జయంత్ సి. పరాన్జీ తీసిన 'ప్రేమించుకుందాం రా' కర్నూలు ముఠా కక్షల ఇంట్లో ఒక ప్రేమకథను పెట్టింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర', 'ఆది', 'చెన్నకేశవరెడ్డి' వరసగా వచ్చాయి. తెల్ల చొక్కాలు, వేట కొడవళ్ళు, నాటు బాంబులు, గాల్లోకి లేచే సుమోలు ఒక మూసగా గడ్డకట్టాయి. 2003 సంక్రాంతికి గుణశేఖర్ 'ఒక్కడు' కర్నూలు కొండారెడ్డి బురుజును ప్రతి తెలుగువాడికీ గుర్తుండిపోయే చోటుగా మార్చింది.

సమీక్షలు ఈ చిత్రాల్లో కథనం బిగువును, పోరాటాల కూర్పును, మాటల పదునును మెచ్చుకున్నాయి. అవి నిజంగా మెచ్చదగినవే. అడగని ప్రశ్న వేరు: ఇది ఏ సీమ? ముఠా కక్షలు ఈ నేల మీద నిజంగా ఉన్నాయి, ప్రాణాలు పోయాయి. కక్ష ఎందుకు పుడుతుంది, నీళ్ళు లేని చోట భూమి మీద, కాంట్రాక్టుల మీద, పంచాయతీ పదవి మీద పట్టు ఎలా ప్రాణసంకటమవుతుంది అన్నది మాత్రం ఆ తెర మీద లేదు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ కథల్లో కరువు మనుషుల్ని ఎలా అరగదీస్తుందో చదివినవారికి ఆ సినిమాల్లోని సీమ పరాయి ఊరిలా అనిపిస్తుంది. పడమటి కర్నూలు అయితే అందులో అసలే లేదు. యార్డులో పత్తి ధర కోసం రాత్రంతా బండి మీద పడుకున్న రైతు, జిన్నింగు మిల్లులో దూది దుమ్ము పీల్చే ఆడకూలి, మిరపకోతలకు గుంటూరు పోయే కోసిగి, కౌతాళం పల్లెల కుటుంబాలు ఏ ఫ్యాక్షన్ చిత్రంలోనూ వెనక వరసలో కూడా నిలబడలేదు. సంక్రాంతి చిత్రాలు విడుదలయ్యే వేళకు ఆ పల్లెల్లో చాలా ఇళ్ళకు తాళాలుంటాయి.

'ఒక్కడు' తమిళంలో 2004లో 'గిల్లి'గా వచ్చినప్పుడు కర్నూలు స్థానంలో మదురై వచ్చి కూర్చుంది. కథకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఊరు మార్చినా కథ చెక్కుచెదరలేదంటే ఆ కథలో ఊరు మొదటినుంచీ లేదన్నమాట. 2010లో రాజమౌళి 'మర్యాద రామన్న' బస్టర్ కీటన్ తీసిన అమెరికన్ మూకీ 'అవర్ హాస్పిటాలిటీ' (1923) కథను సీమకు తెచ్చింది. అది నవ్వించడానికి తీసిన చిత్రం, ఆ పని చక్కగా చేసింది. కానీ కక్ష అనగానే సీమ గుర్తుకు రావడం ఎంత అలవాటైపోయిందో కూడా చూపింది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రేక్షకుడి ఇరకాటం ఇక్కడే ఉంది. హీరో తొడగొట్టినప్పుడు ఈల వేసింది అతనే. ఆ హీరో తన యాసలో, తన జిల్లా పేరు చెబుతూ తెరమీద నిలబడితే ఛాతీ ఉబ్బింది. అదే మనిషి పిల్లలు హైదరాబాదు హాస్టళ్ళకు చదువుకు పోతే 'మీ ఊళ్ళో బాంబులు వేసుకుంటారంట కదా' అన్న ప్రశ్న ఎదురైంది. ఈల, నొప్పి రెండూ ఒకే మనిషివి. 'సీడెడ్‌లో ఈ చిత్రానికి బ్రహ్మరథం పట్టారు' అని రాసినవారికి మొదటిదే వినబడింది.

యాస సంగతి విడిగా చెప్పాలి. తెర మీద సీమ మాటకు నిలువెత్తు రూపమిచ్చిన నటుడు జయప్రకాశ్ రెడ్డి (1946–2020). కర్నూలు జిల్లా శిరివెళ్ళలో పుట్టినవారు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ఉపాధ్యాయుడిగా పనిచేసి, నాటకాల మీద పెరిగి, 'ప్రేమించుకుందాం రా'లో ప్రతినాయకుడిగా నిలబడ్డారు. ఆయన పలుకు నకలు కాదు, పుట్టింటిది. తరువాత వచ్చినవారు ఆ పలుకులోని కోపాన్నే తీసుకున్నారు, అందులోని నవ్వును, ఆప్యాయతను వదిలేశారు. పైగా సినిమాల్లో వినబడే 'సీమ యాస' ఒకటే ముద్ద. చిత్తూరు మాట వేరు, కడప మాట వేరు, కన్నడం కలిసిన ఆదోని మాట ఇంకా వేరు. 2018లో త్రివిక్రమ్ 'అరవింద సమేత వీర రాఘవ' కక్ష ఆగాలంటే ఆడవాళ్ళ మాట వినాలన్న చోటికి కథను నడిపింది, సీమ రచయిత పెంచల్‌దాస్ చేత పాట రాయించుకుంది. మూసలోంచి బయటికి వేసిన అడుగు అది. సమీక్షకులు కూడా అప్పుడు యాస గురించి కాస్త వివరంగా రాయడం మొదలుపెట్టారు.

టికెట్టు ధర

తీర్పు చెప్పే ప్రేక్షకుడు ముందు టికెట్టు కొనాలి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నంబరు ఉత్తర్వుతో థియేటర్లను కార్పొరేషన్, మునిసిపాలిటీ, నగర పంచాయతీ, గ్రామ పంచాయతీలుగా విడగొట్టి ధరలు కట్టడి చేసింది. గ్రామ పంచాయతీలో ఏసీ లేని థియేటర్‌లో అట్టడుగు తరగతి టికెట్టు 5 రూపాయలు. పరిశ్రమ గగ్గోలు పెట్టింది. 2022 మార్చి 7న 13వ నంబరు ఉత్తర్వుతో ధరలు సవరించారు. ఆ ఏడాది పాటు సాగిన వాదనల్లో హీరోలు, నిర్మాతలు, మంత్రులు మాట్లాడారు. కూలి డబ్బులతో ఇంటిల్లిపాదినీ సినిమాకు తీసుకుపోయే మనిషికి ఏ ధర న్యాయమన్నది ఎవరూ అతన్ని అడగలేదు.

ఫోనులోకి వచ్చిన తీర్పు

1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్ తెలుగు సమీక్షను ఇంటర్నెట్‌లో నిలబెట్టింది. గ్రేట్ ఆంధ్ర, 123 తెలుగు, గుల్టే వంటివి తరువాత వచ్చాయి. అయిదుకు ఇన్ని అని మార్కులు వేయడం, అందులోనూ రెండున్నరకు, రెండుముప్పావుకు తేడా చూపడం అలవాటైంది. అమెరికాలో ప్రీమియర్ పడే వేళకు ఇక్కడ తెల్లవారుజాము. ఆదోనిలో మార్నింగ్ షో క్యూలో నిలబడినవాడు డల్లాస్ నుంచి వచ్చిన తీర్పును ఫోనులో చదువుతున్నాడు. ఒకప్పుడు కర్నూలు నుంచి బస్సులో వచ్చిన టాక్ ఇప్పుడు సముద్రాలు దాటి వస్తోంది, గేటు దగ్గర నిలబడి అడగాల్సిన అవసరం తగ్గింది.

ఈ సమీక్షల్లో తరచు కనబడే ఒక వాక్యం గురించి చెప్పకుండా ఉండలేను. సినిమా బాగాలేదని మూడు పేరాల్లో చెప్పి, చివర 'బి, సి సెంటర్లలో ఆడే అవకాశం ఉంది' అని ముగిస్తారు. బి, సి సెంటర్లంటే ఆదోని, ఎమ్మిగనూరు వంటి ఊళ్ళు. బాగాలేని సినిమా అక్కడ ఎందుకు ఆడాలి? అక్కడివారికి తెలివి తక్కువనా? ఆ వాక్యం ఎవరినీ అడిగి రాసింది కాదు. ఇదే సెంటర్లు చప్పగా ఉన్న మాస్ సినిమాలను రెండో రోజే ఎత్తేసిన సందర్భాలు డీసీఆర్‌లలో కుప్పలుగా ఉన్నాయి. సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ప్రచురించిన 'మెగాస్టార్' పుస్తకం అభిమాన సంఘాలను గౌరవంగా, ఓపికగా పరిశీలించి, అభిమాని వట్టి గుడ్డి భక్తుడన్న అభిప్రాయాన్ని ప్రశ్నించింది. తన హీరో తప్పటడుగు వేస్తే మొదట నిలదీసేది అభిమానే. ఆ పుస్తకం చదివిన సమీక్షకుడు బి, సి సెంటర్ల వాక్యం రాయడానికి తటపటాయిస్తాడు.

చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన కత్తి మహేష్ సీమ గొంతుతో సమీక్షలు చెప్పినవారిలో ముఖ్యులు. మొహమాటం లేకుండా మాట్లాడారు, అభిమానుల ఆగ్రహానికి గురయ్యారు, సొంతంగా 'పెసరట్టు' (2015) చిత్రం తీశారు. 2021లో రోడ్డు ప్రమాదానంతరం మరణించారు. ఆయన తీర్పులతో ఏకీభవించని సందర్భాలు చాలామందికి ఉన్నాయి. ఒక పెద్ద హీరో సినిమా నచ్చలేదని బహిరంగంగా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో మాత్రం ఆయన అనుభవం చూపింది.

పరిశ్రమకు సమీక్షల మీద అసహనం పెరుగుతోంది. కేరళ హైకోర్టు నియమించిన న్యాయ సహాయకుడు చిత్రం విడుదలైన 48 గంటల దాకా సమీక్షలు ఆపితే మంచిదని 2024 మార్చిలో సూచించారు. అదే ఏడాది నవంబరులో తమిళ నిర్మాతల మండలి థియేటర్ ఆవరణలో యూట్యూబ్ వాళ్ళను రానివ్వవద్దని కోరింది. సమీక్షలను ఆపాలన్న అభ్యర్థనపై మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి డిసెంబరులో మద్రాసు హైకోర్టు అంగీకరించలేదు. డబ్బు తీసుకుని రాసే సమీక్షలు, కక్షగట్టి వేసే మార్కులు ఉన్నాయి, వాటిని తప్పుపట్టాల్సిందే. కానీ గేటు దగ్గర 'ఎట్లుండాదన్నా' అని అడిగే హక్కుకు 48 గంటల గడువు పెట్టడం ఏ ఊళ్ళోనూ సాధ్యం కాదు.

మరోవైపు సమీక్షకు గౌరవమూ ఉంది. కేంద్ర ప్రభుత్వం జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ సినిమా విమర్శకుడికి 1984 నుంచి గుర్తింపు ఇస్తోంది. 2021 సంవత్సరానికి ఆ పురస్కారం తెలుగులో రాసే పురుషోత్తమాచార్యులకు దక్కింది. 2013కు ఉత్తమ సినిమా పుస్తకంగా నందగోపాల్ 'సినిమాగా సినిమా' ఎంపికైంది.

2021 మేలో ప్రవీణ్ కండ్రేగుల తీసిన 'సినిమా బండి' వచ్చింది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరుకు ఖరీదైన కెమెరా దొరుకుతుంది, ఊరివాళ్ళతోనే సినిమా తీయాలనుకుంటాడు. కన్నడం కలిసిన తెలుగు, కరువు పల్లె, తమ ముఖాన్ని తామే తెరమీద చూసుకోవాలన్న కోరిక. ఆదోని చుట్టుపక్కల పల్లెలకు ఇంత దగ్గరగా వచ్చిన తెలుగు చిత్రాలు చాలా తక్కువ. అది నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆదోనిలోగానీ ఎమ్మిగనూరులోగానీ దానికి మార్నింగ్ షో లేదు, సోమవారం మ్యాట్నీ లేదు, డీసీఆర్ లేదు. చూసినవాళ్ళు ఎవరి ఫోనులో వాళ్ళు చూశారు.